శివారము మడుగులకు ఎట్టి మంచె కావలయును?

జొన్నచేను కంకివేయు నాళ్లలో కరీంనగరము, ఆదిలాబాదు సీమల రైతు చేని నడుమ నాలుగు గుంజలు పాతి మంచె వేయును. దానిపై నిలిచి వడిసెల త్రిప్పి పిట్టలను తోలును. ఈ సీమ అడవులలోనే పూర్వము ప్రభువులును, వారి అతిథులును వేటమంచెలపై గూర్చుండి పులులను గూల్చిరి. పక్షులకైనను ఆ కాలమున అభయము లేదు. భరతపురపు చిత్తడినేలలో 1938వ సంవత్సరమున రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ప్రభువు పరివారము ఒక్కదినమున 4,273 పక్షులను వేటాడెనని అచ్చటి శిలాఫలకము చెప్పుచున్నది. ఆ చిత్తడినేలయే తరువాత జాతీయోద్యానమైనది. తోలుటకును, చంపుటకును ఎక్కిన మంచెను ఇక చూచుటకు ఎక్కవలసియున్నది. అట్టి మంచె ఎట్లుండవలయునన్నదే నేటి మా ప్రస్తావము.

మంథనికి చేరువనున్న గోదావరి మడుగులను మొసళ్ల రక్షణకై 1978లో శివారము అభయారణ్యముగ ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2016లో జిల్లాలను విభజించిన పిదప ఇది పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల నడుమ నిలిచినది. ఒకప్రక్క రామగుండము, మరియొకప్రక్క జైపూరు విద్యుత్కేంద్రములు; నదిపై సుందిళ్ల, అన్నారము బారేజీలు. ఇన్ని యంత్రముల నడుమ మొసలి ఇసుకతిన్నెపై ఎండకాగుటకు మిగిలిన తావు స్వల్పము. ఆ స్వల్పమును చెరచకుండ జనులకు చూపుట సులభకార్యము గాదు.

సందర్శకులు రావలయునన్నచో ఎత్తైన సిమెంటు గోపురము కట్టి, రంగులు పూసి, దారివెంట దీపములు పెట్టవలయుననువారు గలరు. జనులు రావలయునను వారి కోరిక సరియైనదే. చూడని దానిని ఎవరును ప్రేమింపరు, ప్రేమింపనిదానిని రక్షింపరు. కాని ఆకాశమున కడ్డముగ కదలు మనుష్యాకృతిని నీటిపక్షి దూరమునుండియే గుర్తించి లేచిపోవును. పక్షికి కనబడు గోపురమెక్కిన వానికి వట్టి నీరే కనబడును. కావున ఇరువది అడుగులకు మించని మంచె చాలును. దాని వెనుక చెట్లుండవలయును. పైకప్పు ముందునకు వాలి, లోపల చీకటిగ నుండవలయును. పెద్దలకును, పిల్లలకును తగిన రెండు ఎత్తులలో సన్నని చూపుకంతలు చాలును. అద్దములు వలదు, తెల్లరంగు వలదు. మంచెకు పోవు దారికి ఇరుప్రక్కల తడిక కట్టవలయును.

దిక్కును గూడ విచారింపవలయును. ఉత్తరదేశముల బాతులు వచ్చు శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలి నడచును. దక్షిణపు గట్టున మంచె వేసి ఉత్తరమునకు చూచునట్లు చేసినచో ఎండ చూపరి వీపున బడును గాని కంట బడదు. మొసలి వేసవికి ముందు ఇసుకలో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును. తొలకరికి ముందు పిల్లలు వెలువడును. ఆ తిన్నెల దరిని గుంజ పాతరాదు. ఆ మాసములలో పని చేయరాదు. అంగములన్నిటిని ఊరిలోనే సిద్ధపరచి, వరద తీసిన పిదప, పక్షులు రాకముందు, కొలది దినములలో నిలుపవలయును.

నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారును. పైపై పునాది అందు నిలువదు. 2022 జూలైలో గోదావరి వరద మంథని వీధులలోనికి వచ్చినది. కనుక నీరు క్రిందుగ సాగిపోవునట్లు లోతైన రాతిదిమ్మెలపై విడివిడి గుంజలు నిలుపవలయును. గుంజలకు చేవగల టేకు, గోడలకు వెదురు ఈ సీమ సొత్తే. పచ్చివెదురును పురుగు త్వరలోనే తొలుచును. వెలిగారము, బోరికామ్లము కలిపిన నీట నానవైచిన వెదురు చాలకాలము మన్నును. పాడైన తడికను ఊరి మేదరి ఒక్కదినమున మార్చగలడు. పగిలిన సిమెంటు మెట్టుకు గుత్తేదారు మరల రావలయును, అతడు వచ్చునా?

కొల్లేటి ఆటపాకలో గూళ్లకు చెట్లు చాలని గూడబాతులకై ఇనుపమంచెలు నిలిపిరి. పక్షులు వానిపై గూళ్లు కట్టినవి. ముందు ప్రాణికి, పిమ్మట ప్రేక్షకునికి అన్న క్రమమును అచ్చట నేర్చుకొనవచ్చును.

ఇంతయు చేసినను మంచెపై కన్నులు లేనిచో అది వట్టి కొయ్య. మడుగు లోతులెరిగినవారు చేపలు పట్టువారు. వారిని గట్టునుండి వెడలగొట్టి పట్టణవాసులకు చీట్లు అమ్ముట న్యాయము గాదు. వారిలోనివారినే వేతనమిచ్చి కాపరులుగ, మార్గదర్శకులుగ నియమింపవలయును. మంచెలో నొక పుస్తకముంచి, ఏనాడు ఏ పక్షి ఎన్ని, ఏ తిన్నెపై మొసళ్లెన్ని అని వ్రాయింపవలయును. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుచున్నది. మన పాఠశాలల బాలురును బాలికలును ఆ లెక్కలో చేరవచ్చును.

గట్టున పొలములు గల మా పాఠకులు నదివైపు చెట్లవరుసను కొట్టక నిలుపుదురు గాక! పట్టణవాసులు నిశ్శబ్దముగ వచ్చి నిశ్శబ్దముగ పోవుదురు గాక! ఇక ప్రభుత్వమువారిని మేము కోరునది రెండు: శంకుస్థాపనకు ముందు ఒక సంవత్సరము ఆ మడుగులను చూపించి వ్రాయింపుడు, కట్టుటకిచ్చు ధనముతోడనే ఏటేటి మరమ్మతునకును ధనము కేటాయింపుడు. ఈ రెండును లేని మంచె ప్రారంభోత్సవమునకే పనికివచ్చును.