లాంచీ ఎక్కే ముందు

పాపికొండల నడుమ గోదావరి ఇరుకై, లోతై, సుడులు తిరుగుతూ సాగుతుంది కనుక, లాంచీ విహారానికి కుటుంబంతో బయలుదేరేవారు ముందుగా నది స్వభావాన్ని తెలుసుకోవడం అవసరం. 2019 సెప్టెంబరు 15న వరద వేళ కచ్చులూరు వద్ద జరిగిన బోటు ప్రమాదం ఈ సంగతిని విషాదకరంగా రుజువు చేసింది. వరద తీసి నీరు తేటపడే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గల కాలం విహారానికి అనువైనది. అప్పుడైనా కంట్రోల్ రూమ్, అంటే నీటిమట్టాన్ని, ప్రయాణికుల సంఖ్యను పరిశీలించే రేవు కార్యాలయం, ఆ రోజు లాంచీలను అనుమతించిందో లేదో ముందే విచారించాలి. రాజమహేంద్రవరం వైపువారు గండిపోచమ్మ రేవులోను, భద్రాచలం వైపువారు పోచవరంలోను లాంచీ ఎక్కుతారు గనుక, బసను బట్టి రేవును ఎంచుకుంటే రోడ్డు ప్రయాణపు బడలిక తగ్గుతుంది. లైఫ్ జాకెట్టు పిల్లల ఒంటికి సరిపోవాలి, పట్టీలన్నీ బిగించి ఉండాలి. ఫొటో కోసం విప్పి ఒళ్లో పెట్టుకున్న జాకెట్టు ఆపదలో అక్కరకు రాదు. దారిలో పేరంటాలపల్లి వద్ద ఒడ్డెక్కి శివాలయానికి నడవవలసి ఉన్నందున, పెద్దల మోకాళ్ల సత్తువను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొండల మధ్య ఫోను సిగ్నలు అందక సాయం కోరలేని చోట్లు ఉన్నాయి కాబట్టి, రోజువారీ మందులు చేతిసంచిలోనే ఉంచుకోవడం మేలు. రేవులు, బసలు, ఖర్చులను గురించి ఈ సంచికలోని వ్యాసాలు వివరిస్తాయి.