ఊరి చెఱువు, ఊరి విద్యుత్తు

పాలంపేటకు వచ్చువారెల్లరు రామప్ప దేవాలయ శిల్పములను జూచి విస్మితులగుదురు. గణపతిదేవ చక్రవర్తి సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన యీ యాలయమునకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. దాని చెంతనున్న చెఱువు సైతము మనకొక పాఠము చెప్పుచున్నది. కాకతీయులనాటి వారు దూరపు నదులనే నమ్ముకొనక, రామప్ప, లక్నవరము, పాకాల మున్నగు చెఱువులు కట్టించి, వాననీటిని పొలముల చెంతనే నిలిపిరి. విద్యుచ్ఛక్తి విషయమునను ఈ మార్గము మేలని మా యభిప్రాయము.

ఈ ప్రాంతముననే చెల్పూరు వద్ద 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రము గలదు. అట్టి కేంద్రములలో పుట్టిన శక్తి లక్షల వోల్టులతో బయలుదేరి, సబ్‌స్టేషనులలో 33,000 వోల్టులకును, పిదప 11,000 వోల్టులకును దిగి, తుదకు మన యిండ్లకు 230 వోల్టులతో చేరును. దారిలో కొంత శక్తి తీగలను వేడిచేయుటకే వ్యయమగును. ఈ నష్టము ప్రవాహపు వర్గమును బట్టి యుండును. తీగ చివరనున్న యూరికి వలసిన దానిలో సగము అచ్చటనే పుట్టినచో, తీగలో ప్రవాహము సగమై, నష్టము నాలుగవ వంతునకు దిగును. బావుల మోటారులు పగటివేళ నడుచుచో, సౌరశక్తి వానికి సరిగా నక్కఱకు వచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము, రైతుల బీడుభూములలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వఱకుగల సౌరకేంద్రములను సబ్‌స్టేషనుల చెంత నెలకొల్పుటకు వీలు కల్పించినది.

అయినను, ఎక్కువ పుట్టించిన కొలది మేలని తలంపరాదు. ఊరి యవసరమునకు మూడింతలు పుట్టినచో, రెండింతలు వెనుకకు ప్రవహించి, నష్టము మునుపటికి నాలుగింతలగును; వోల్టేజియు మితిమీఱును. ఆయకట్టును, మత్తడిని లెక్కింపక చెఱువు కట్టినవాడు కట్టకే ముప్పు తెచ్చును గదా! రాత్రివేళ సూర్యుడు లేడు గనుక, దూరపు తీగయు వలసినదే.

వేఱొక మాట. తీగ బాగుచేయుటకు లైనుమ్యాను స్తంభ మెక్కునపుడు సబ్‌స్టేషనులో సరఫరా నిలిపివేయుదురు. ఊరిలోని సౌరయంత్ర మాగకున్నచో ఆ తీగయే యాతని ప్రాణము తీయును. కావున సరఫరా పోయిన తక్షణమే తనంతట తానాగు సాధనము లేని యంత్రమును తీగకు కలుపరాదు. ఖర్చు తగ్గించుటకై దీనిని విడుచుట క్షమింపరానిది.

కావున మేము కోరునది యిది: ముందు కొలత, పిదప కట్టడము. సబ్‌స్టేషను పుస్తకములలో గంటగంటకు వ్రాయు లెక్కలను, నాట్లకాలమున నెంత, వేసవిలో నెంత, పగలెంత, రాత్రి యెంత యని పరిశీలించి, ఒక్కొక్క ఫీడరునకు తగిన పరిమాణమును నిర్ణయింపవలెను. గణితము నేర్చిన మన విద్యార్థులు ఆ లెక్కను చేయగలరు. తల్లిదండ్రులు గ్రామసభలో దానిని అడుగవలెను. లెక్క చూపనిదే ఏ ఫలకమునకును మన యూర చోటీయకుందుము గాక.