పరిగె మీద పరదేశి హక్కు

2025 మే నెలలో ఒక శ్రీలంక తమిళుడి పిటిషన్‌ను తోసిపుచ్చుతూ, మన దేశం ధర్మశాల కాదని, 140 కోట్ల మందితోనే సతమతమవుతున్నామని సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యాఖ్యానించింది. అతడు నేరం రుజువై శిక్ష పడినవాడే. కానీ ఆ మాట అతడి ఒక్కడి దగ్గర ఆగలేదు. ఇక్కడ చెన్నైలో, మా తెలుగువాళ్ల మధ్య కూడా, అది కాందిశీకులందరి మీదా తీర్పులా చలామణి అవుతోంది. దానికి తోడుగా ఇంకొకటి వినిపిస్తుంది: యూదుల్ని చూసి నేర్చుకోవాలి, గోడ కట్టుకుని గట్టిగా బతుకుతున్నారు అని. రెండూ తప్పే. రెండోది మరీ తప్పు.

గోడ కట్టింది ఇజ్రాయెల్ ప్రభుత్వం. యూదు ధర్మం చెప్పింది వేరు. పరదేశి విషయంలో యూదుల మూలగ్రంథం తోరా 36 చోట్ల హెచ్చరించిందని తాల్ముద్ పండితులు లెక్కగట్టారు. 46 అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ధర్మం పదే పదే చెప్పే కారణం ఒక్కటే: మీరూ ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులే. దీన్ని దయాదాక్షిణ్యాలకు వదిలేయలేదు, చట్టం చేశారు. పంట కోసేటప్పుడు పొలం అంచులు వదిలేయాలి. మరచిపోయిన పన కోసం వెనక్కి పోకూడదు. ఆ పరిగె పరదేశికీ, తండ్రిలేని బిడ్డకూ, విధవరాలికీ చెందుతుంది. యజమాని నుంచి పారిపోయి వచ్చిన బానిసను తిరిగి అప్పగించకూడదు. అలా పరిగె ఏరుకుని బతికిన మోయాబు స్త్రీ రూతు, దావీదు రాజుకు ముత్తవ్వ. ఆదివారం చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు ఈ కథ నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా పాత గ్రంథాల్లో మిగిలిపోయిన మాట కాదు. 2018లో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఎరిట్రియా, సూడాన్ శరణార్థులను పంపేయబోతే అడ్డుపడినవాళ్లలో రబ్బీలు ఉన్నారు, నాజీల మారణహోమం నుంచి బయటపడిన వృద్ధులు ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ సినగాగులో 11 మందిని కాల్చి చంపినవాడికి కోపం దేనిమీద? శరణార్థులకు సాయపడే యూదు సంస్థ హయాస్ మీద. పరదేశిని ఆదరించాలన్న విలువకు యూదులు ప్రాణాలతో వెల చెల్లించారు. మనం వాళ్ల నుంచి గోడ ఒక్కటే నేర్చుకుంటామా?

యూదులు మన ఊరికీ కొత్తవాళ్లు కారు. జార్జిటౌన్‌లోని పగడాల వర్తకుల వీధి వాళ్ల వ్యాపారానికి గుర్తు. స్పెయిన్ 1492లో వెళ్లగొట్టగా, పోర్చుగల్ 1497లో బలవంతంగా మతం మార్చగా చెల్లాచెదురైన కుటుంబాల వారసులు 17వ శతాబ్దంలో మద్రాసు చేరారు. మధ్యధరా పగడాలు తెచ్చారు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి తెలుగు గనుల వజ్రాలు పట్టుకెళ్లారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులూ ఉన్నారు.

వాళ్లు డబ్బున్నవాళ్లు, అందుకే రానిచ్చారు అంటారా? నిజం. నా అభ్యంతరమూ అక్కడే. వజ్రాలు కొనేవాడికి తలుపు తీయడానికి ఏ ధర్మమూ అక్కర్లేదు. చేతిలో ఏమీ లేనివాడు వచ్చినప్పుడే ధర్మం అవసరం.

1983 అల్లర్ల తరువాత సముద్రం దాటి వచ్చిన శ్రీలంక తమిళులు అలాంటివాళ్లే. పుళల్‌లో, గుమ్మిడిపూండిలో దశాబ్దాలుగా శిబిరాల్లో ఉన్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం శిబిరాల పేరు మార్చింది. వాళ్ల పౌరసత్వం సంగతి మాత్రం తేలలేదు. 1987 జూలై 1 నుంచి పుట్టిన పిల్లలకు ఈ గడ్డ మీద పుట్టడం ఒక్కటే చాలదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం శ్రీలంకను అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఇక 140 కోట్ల వాదన. తమిళనాడులో శిబిరాల లోపలా బయటా కలిపి వాళ్లు లక్ష మంది అనుకున్నా, మనలో 14,000 మందికి ఒక్కరు. ఈ బరువు మోయలేమా?

దేశ భద్రత అంటారు. భద్రత కావాలనే వాళ్లే చట్టం అడగాలి. 1951 శరణార్థుల ఒప్పందంపై మనం సంతకం చేయలేదు, సొంత చట్టమూ లేదు. ఎవరు నిజంగా ప్రాణభయంతో వచ్చారో తేల్చే పద్ధతే లేనప్పుడు, అంతా అధికారి ఇష్టాయిష్టాల మీద నడుస్తుంది.

మనకూ ఐగుప్తు ఉంది. 1942లో రంగూన్ నుంచి అడవులు దాటి నడిచొచ్చిన తెలుగువాళ్లున్నారు. బర్మాలో నె విన్ ప్రభుత్వం దుకాణాలు లాక్కున్నాక 1960లలో ఓడలెక్కి విశాఖలో, మద్రాసులో దిగినవాళ్లున్నారు. విశాఖలో బర్మా క్యాంపు, ఇక్కడ బర్మా బజారు ఆ రోజులవే. ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు ధర్మశాల మాట వల్లించకూడదు. శరణార్థుల చట్టం కోసం పార్లమెంటులో ప్రైవేటు బిల్లులు వచ్చాయి, చట్టం కాలేదు. మీ ఎంపీకి ఉత్తరం రాయండి, ఆ చట్టం అడగండి.