ఎరువు సొమ్ము: మలావీ నేర్పు పాఠము

2025 జూలై 1వ తేదీతో అమెరికా సంయుక్త రాష్ట్రముల అంతర్జాతీయాభివృద్ధి సంస్థ తన సహాయ కార్యక్రమములను ముగించినది. బ్రిటిషు ప్రభుత్వమును తన జాతీయాదాయములో విదేశ సహాయమునకై వెచ్చించు భాగమును నూటికి 0.5 నుండి 2027 నాటికి 0.3కు తగ్గింతునని ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే ప్రకటించియుండెను. ఇందువలన బీద దేశముల సేద్యమునకు కలుగు ఫలితమును గూర్చి రెండు వాదములు వినవచ్చుచున్నవి. సహాయము నిలిచినచో నా దేశములు నశించునని కొందరును, సహాయమే వానిని సోమరులను జేసినదని మరికొందరును జెప్పుచున్నారు. ఇందేది నిజమో ఊహచే దేల్చుటకంటె నొక్క దేశపు అనుభవమును విచారించుట మేలు. ఆఫ్రికాలోని మలావీ ఇట్టి విచారణకు మిక్కిలి తగియున్నది.

సముద్రతీరము లేని యీ చిన్న దేశము నియాసాలాండు అను పేర బ్రిటిషువారి యేలుబడిలో నుండి, 1964 లో స్వతంత్రమైనది. ప్రజలలో పెక్కురు చిన్న కమతముల రైతులు. మనకు రాగిసంకటి యెట్టిదో వారికి మొక్కజొన్నపిండి సంకటి యట్టిది. ఏటికి వానకారు ఒక్కటియే. నవంబరులో మొదలై ఏప్రిలుతో ముగియును. ఆ కారు తప్పినచో మరుసటి పంట వరకు ఇంట గింజ యుండదు.

2001-02 లో నచ్చట ఘోరక్షామము సంభవించెను. అంతకు ముందే ప్రభుత్వపు నిల్వ ధాన్యము విక్రయింపబడియుండెను. నిల్వలను తగ్గింపుమని మాత్రమే తాము చెప్పితిమని అంతర్జాతీయ ద్రవ్యనిధివారును, వారి యొత్తిడివలననే విక్రయించితిమని ప్రభుత్వమువారును వాదించుకొనిరి. తప్పెవ్వరిదైనను ఆకలి రైతులదే యయ్యెను. 2005 లో వానలు మరల తప్పగా, ఇరువది లక్షల టన్నులకు పైగా కావలసిన దేశమున 12 లక్షల టన్నుల మొక్కజొన్న మాత్రమే పండెను.

అప్పుడు మలావీ ప్రభుత్వము ఋణదాతల సంశయములను లెక్కింపక, ఎరువులను, విత్తనములను తక్కువ ధరకు పొందుటకు రైతులకు చీటీలు పంచి, మిగిలిన వెలను ఖజానానుండి భరించెను. ఇట్టి వ్యయము కూడదని ప్రపంచ బ్యాంకు ఏండ్ల తరబడి బోధించుచుండినది. అయినను ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2007 నాటికి పంట 34 లక్షల టన్నులకు పెరిగెను; కొంత ధాన్యమును జింబాబ్వేకు విక్రయించిరి. ఈ లెక్కలు అధికములని ఆర్థికవేత్తలు కొందరాక్షేపించిరి. వానలు గూడ అనుకూలించినమాట నిజమే. కాని బీదరైతు చేతికి సకాలమున ఎరువు చేరినచో పంట పెరుగునని యిందువలన రుజువైనది. సహాయము రైతును సోమరిని జేయునను వాదము ఇక్కడ నిలువలేదు.

అయినను కథ ఇంతటితో ముగియలేదు. ఆ యెరువు విదేశములలో తయారై, మొజాంబిక్, టాంజానియా రేవులలో దిగి, అధిక రవాణా ఖర్చుతో దేశమును చేరవలసినది. దానిని కొనుటకు డాలర్లు కావలెను. డాలర్లకు ముఖ్యాధారము పొగాకు ఎగుమతియు, దాతల ధనమును. పొగాకు ధర తగ్గినను, దాతలు అలిగినను ఎరువు రాదు. "ఎరువు సొమ్ము బరువు చేటు" అను మన సామెతలో ఎరువనగా అరువు. మలావీలో రెండర్థములును ఒక్కటియే యైనవి. డాలరు వెల 2022 మే నెలలో నూటికి 25 వంతులును, 2023 నవంబరులో 44 వంతులును ఆ దేశపు నాణెములో పెరిగెను. ఎరువులకై మాంసవ్యాపారము చేయు నొక బ్రిటిషు సంస్థకు సొమ్ము ముందుగా చెల్లించి మోసపోయిన వ్యవహారములో 2022 అక్టోబరున వ్యవసాయమంత్రి పదవీచ్యుతుడయ్యెను.

వానల మాట వేరుగ జెప్పవలసినది. దేశ విస్తీర్ణములో సుమారు ఐదవవంతు మంచినీటి సరస్సు ఆక్రమించియున్నను, మొక్కజొన్న చేలు ఆకాశమునే నమ్ముకొనియున్నవి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను ముంచివేసెను; మరుసటి యేడాది అనావృష్టివలన 28 జిల్లాలలో 23 జిల్లాలు విపత్పీడితములని ప్రకటింపబడెను. నీరు లేని చేలో ఎరువు వృథా.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. 1956 మొదలు అమెరికావారి 480వ శాసనము క్రింద గోధుమలు మనకు వచ్చెను. 1965-66 అనావృష్టి కాలమున ఆ ఓడలు అధ్యక్షుడు జాన్సను అనుగ్రహముపై ఆధారపడియుండెను. ఆ గోధుమలు నాడే తిని తీర్చితిమి. కాని ఆ దేశపు సహాయమే మరియొక రూపమున, కాన్సాసు రాష్ట్ర విశ్వవిద్యాలయము ద్వారా, 1964 లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు అందెను. ఆ విద్య నేటికిని నిలిచియున్నది. 1965 లో ఆహారసంస్థ యేర్పడి ధాన్యము కొనసాగెను. 1967 లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వచ్చెను. గోధుమలు మనకు వ్యవధి నిచ్చెను. ఆ వ్యవధిలో మనము కాలువలను, గిడ్డంగులను, విత్తన పరిశోధనను సమకూర్చుకొంటిమి.

మలావీకి లోపించినది ఆ రెండవ భాగమే. ఏటేట ఎరువుకై వెచ్చించిన ధనములో తగినంత భాగము నీటిపారుదలకును, భూసారమును పెంచు వేరుసెనగ, కంది మున్నగు పంటలకును చేరలేదు. 1972 లో మన పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ మలావీలో వేరుసెనగ విత్తనములపై పనిచేయుచునేయున్నది. అట్టి పని చీటీల పంపకమువలె ఓట్లు తేదు గనుక వెనుకబడుచున్నది.

కౌలుదారుని ఖాళీ చేయించుటకైనను న్యాయశాస్త్రము గడువిచ్చును. విత్తు కాలము, కోత కాలము చూడక సహాయమును నిలుపుట అధర్మము. అయితే గడువు లేని సహాయమును శాశ్వతముగ నమ్ముట అవివేకము. నేడు భారతదేశము కూడ దాతయైనది. మలావీకి నీటిపారుదల మున్నగువానికై మన ప్రభుత్వము ఋణము లిచ్చియున్నది. కావున ఎంత యిచ్చితిమను ప్రశ్నతో మన శాసనసభ్యులు తృప్తి నొందరాదు. మన సొమ్ము నిలిచిన మరునాడు ఆ చేలో నీరు పారునా యని అడుగవలెను. నాడు మనము దాతలను అడుగవలసియుండిన ప్రశ్నయు నిదియే.