స్వభావానికి పేరు పెడితే చాలదు

"నాది పుట్టుకతోనే కోపిష్టి స్వభావం డాక్టరుగారూ, ఇక మారదు." రక్తపోటు చూస్తున్నప్పుడు ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. తన స్వభావాన్ని గుర్తించడం మంచిదే. దానిని మార్చలేని తీర్పుగా స్వీకరించడమే ప్రమాదం.

1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రామ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, "ఇదే మీ వ్యక్తిత్వం" అంటూ అందరికీ ఒకే వర్ణన ఇచ్చారు. అది తమకెంత సరిపోయిందో చెప్పమంటే, వారు సగటున 5కు 4.26 మార్కులు వేశారు! అందరికీ వర్తించే మాటలను మనకోసమే చెప్పినట్లు నమ్మడం మానవ సహజం.

కనుక ప్రశ్నావళుల కన్నా మన దినచర్యే నమ్మదగిన అద్దం. రాత్రి పడుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఈరోజు నాకెప్పుడు కోపం వచ్చింది? ఎవరిపై చూపాను? ఎవరి ముందు అణచుకున్నాను?

పై అధికారి ఎదుట మౌనం వహించి, ఇంటికి వచ్చి భార్యాపిల్లలపై విరుచుకుపడేవారికి నెల తిరిగేసరికి ఒక నిజం బోధపడుతుంది: కోపాన్ని అదుపు చేసుకోవడం తమకు తెలుసు. ఆఫీసులో సాధ్యమైనది ఇంట్లో అసాధ్యమెలా అవుతుంది?

రక్తపోటు మాత్రలు మాత్రం మానకండి. ఆత్మపరిశీలన వాటికి తోడే కాని, ప్రత్యామ్నాయం కాదు.