క్యాన్సర్ కాకున్నా ముప్పే

‘క్యాన్సర్ కాదు’ అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం కుదుటపడుతుంది. ఒంట్లో చాలాచోట్ల ఆ ఊరట సబబే. వెన్నెముక సంగతి వేరు. వెన్నుపాము చుట్టూ ఉన్నది సాగని ఎముక గోడ. అందులోకి చిన్న గడ్డ చొచ్చుకొచ్చినా నలిగేది నరాలే. అది వేరే అవయవానికి పాకదు కానీ, మనిషిని మంచాన పడేయగలదు.

కర్నూలు, కడప సీమల్లో ఇలాంటి వెన్ను గడ్డలు దాగడానికి తావెక్కువ. ఎర్రగుంట్ల, బేతంచెర్ల గనుల్లో బండలెత్తేవారికి, ఆదోని, కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు వలసపోయే కూలీలకు నడుంనొప్పి నిత్యకృత్యం. నొప్పి మాత్ర మింగి పనిలోకి దిగుతారు. యువతలో ఎక్కువగా కనిపించే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే ఎముక గడ్డ నొప్పి రాత్రిళ్లు ముదిరి, ఆ మాత్రలకే లొంగుతుంది. ఆ ఉపశమనమే రోగిని మోసం చేస్తుంది.

వెన్నుపూసల్లో రక్తనాళాల గడ్డ, అంటే హిమాంజియోమా, పదిమందిలో ఒకరికి ఉండొచ్చు. దాదాపు అందరిలోనూ అది నిరపాయం. అరుదుగా, గర్భం చివరి నెలల్లో ఉబ్బి కాళ్లు చచ్చుబడేలా చేస్తుంది. గర్భిణి కాళ్లలో పట్టు తప్పుతోందంటే నీరసమని కొట్టిపారేయరాదు. వంశపారంపర్యంగా ఒంటినిండా ఎముక బుడిపెలున్న పిల్లల్లో, ఒక బుడిపె వెన్ను లోపలికీ పెరగవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీరు ఏళ్ల తరబడి తాగితే, గడ్డ లేకుండానే ఎముక మందమెక్కి వెన్నుపామును నొక్కుతుంది. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937లోనే నమోదు చేశారు.

నడక తూలడం, కాళ్లు బిగుసుకోవడం, చెప్పు జారినా తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. నాటు తైలాలు, వెన్ను విరిపించడాలు వద్దు. ఎక్స్‌రే బాగుందన్న భరోసా చాలదు, ఎమ్మారై కావాలి. నరాలు పూర్తిగా చచ్చుబడకముందే ఒత్తిడి తొలగిస్తే చాలామంది మళ్లీ నడుస్తారు. ఆలస్యమైతే గడ్డ తీసినా కాళ్లు తిరిగిరాకపోవచ్చు.

కర్నూలులో 1956 నుంచి వైద్య కళాశాల ఉంది. కడపకు 2006లో రిమ్స్ వచ్చింది. ఆ గుమ్మం దాకా రోగి సకాలంలో చేరడమే ఇప్పుడు కావలసింది. ఆశా కార్యకర్త నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దాకా అందరికీ ఈ లక్షణాలు కంఠతా రావాలి. కాళ్లలో పట్టు తప్పిన రోగిని ఎమ్మారై వరుసలో వారాల తరబడి నిలబెట్టకూడదు. కూలి పోతుందని వెనుకాడే కుటుంబానికి దారి ఖర్చులు సర్కారే భరించాలి. రెక్కలే ఆస్తిగా బతికే ఇంట్లో ఒక మనిషి కాళ్లు పడిపోతే ఇల్లంతా కూలుతుంది. నివారించగల ఆ నష్టాన్ని విధిరాతగా వదిలేయడం నేరం.