సర్పంచికి నోటీసు, ఎమ్మెల్యేకి పూలదండ

గుండు మనకి కొత్త కాదు. తిరుపతి మొక్కుకి కొట్టించుకుంటాం. బిడ్డకి పుట్టెంటికలు తీయిస్తాం. తండ్రి పోతే కొడుకు తల ఇస్తాడు. కానీ బలవంతాన పట్టుకుని, కొట్టి, తల గీయిస్తే అది మొక్కు కాదు. "నీ తల నీది కాదురా, మాది" అని ఊరందరికీ వేసే దండోరా అది.

1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో జరిగింది అదే. అయిదుగురు దళిత యువకుల్ని హింసించారు. అందులో ఇద్దరికి గుండు గీయించి, కనుబొమ్మలు కూడా తీయించారు. నిందితుల్లో మొదటి పేరు ఊళ్ళో ఎవరో రౌడీది కాదు. అప్పటి రామచంద్రపురం శాసనసభ్యుడు తోట త్రిమూర్తులుది. చట్టాలు చేసే సభలో కూర్చునే మనిషిది.

గీసిన తలమీద జుట్టు మూడు నెలల్లో మొలిచింది. తీర్పు మొలవడానికి ఇరవై ఏడేళ్ళు దాటింది. మధ్యలో 1998లో ప్రభుత్వమే కేసు ఎత్తేసింది. బాధితులు ఊరుకోలేదు. హైకోర్టు దాకా పోయి కేసుని మళ్ళీ లేపారు. ఈలోగా సదరు నాయకుడు తెలుగుదేశంలో ఉన్నారు, కాంగ్రెసులో ఉన్నారు, వైఎస్సార్ కాంగ్రెసులో ఉన్నారు. జెండా రంగు మారింది గాని, ఏ జెండా కూడా "ముందు ఆ పిల్లలకి జవాబు చెప్పి రా" అనలేదు. పైగా 2021లో గవర్నరు కోటాలో శాసనమండలికి పంపారు.

2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు ఆయన్నీ, మరికొందర్నీ దోషులని తేల్చింది. పద్దెనిమిది నెలల జైలు శిక్ష వేసింది. పై కోర్టుకి పోయే హక్కు ఆయనకుంది, మనం కాదనం. మనం అడిగేది వేరే. నెల తిరక్కుండానే మండపేటలో అదే మనిషి ఎమ్మెల్యే అభ్యర్థిగా నిలబడ్డారు. ఓడిపోయారు, అది వేరే సంగతి. అసలు నిలబడ్డం ఎలా కుదిరింది? ఎమ్మెల్సీ పదవి ఎందుకు పోలేదు?

ఇక్కడుంది కిటుకు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షను చదవండి. మామూలు నేరాల్లో రెండేళ్ళు, అంతకు పైన శిక్ష పడితేనే పదవి పోతుంది. పద్దెనిమిది నెలలంటే ఆరు నెలలు తక్కువ. ఆ ఆరు నెలల సందులోంచి పదవి క్షేమంగా బయటపడింది.

అయితే అదే సెక్షనులో ఒక ప్రత్యేక జాబితా ఉంది. అందులోని నేరాలకి రెండేళ్ళ లెక్క లేదు, జరిమానా పడినా చాలు, ఆరేళ్ళు పోటీకి పనికిరారు. లంచం, మత్తుమందులు, సతి అన్నీ ఉన్నాయి ఆ జాబితాలో. అంటరానితనాన్ని శిక్షించే 1955 పౌరహక్కుల రక్షణ చట్టమూ ఉంది. కానీ కారంచేడు నెత్తుటి తర్వాత, ఎన్నో పోరాటాల తర్వాత వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం లేదు! అంటే హోటల్లో గ్లాసు వేరుపెట్టిన కేసులో జరిమానా పడితే పదవికి అనర్హుడు. మనిషిని కొట్టి గుండు గీసిన కేసులో పద్దెనిమిది నెలలు పడితే అర్హుడు. ఇదేం తూకం?

ఇక కింద మెట్టుకి రండి. రిజర్వేషన్లో గెలిచిన మన మాదిగ అక్క, మాల చెల్లెలు సర్పంచి. కుర్చీ ఆమెది, పెత్తనం ఉప సర్పంచిది. ఉప సర్పంచి పదవికి రిజర్వేషన్ లేదు కాబట్టి ఊరి పెద్ద కులపాయన అక్కడ కూర్చుంటాడు. తెలంగాణలో 2018 చట్టం చెక్కుమీద ఆయన సంతకం కూడా చేర్చింది. "ఇక్కడ పెట్టమ్మా సంతకం" అంటారు, ఈమె పెడుతుంది. లెక్క తేడా వస్తే మాత్రం నోటీసు ఈమె ఇంటికే వస్తుంది. ఆంధ్రలో 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షను, తెలంగాణలో 37వ సెక్షను కింద కలెక్టరు సంజాయిషీ అడిగి సర్పంచిని తీసెయ్యొచ్చు. కోర్టు శిక్ష దాకా ఆగక్కర్లేదు.

సర్పంచిని అడగొద్దని మేం అనడంలేదు. అడగాలి. మనోడైనా, మన ఆడపడుచైనా, పేట సొమ్ము తింటే మనమే ముందు గ్రామసభలో నిలేయాలి. కానీ కలెక్టరు కలంపోటుకి దళిత సర్పంచి దిగిపోయే దేశంలో, కోర్టు దోషి అన్నాక కూడా పెద్ద కులం నాయకుడికి పూలదండ ఎందుకు? జవాబుదారీ అనేది కింద మెట్టుకే రాసిపెట్టారా?

"ప్రజలు ఓటేసి గెలిపించారు గదా, ప్రజాతీర్పే అసలు తీర్పు" అంటారు కొందరు. ఓటు అయిదేళ్ళు పని చెయ్యమని ఇచ్చే బాధ్యత. చేసిన నేరానికి మాఫీ పత్రం కాదు. వెయ్యి ఓట్ల మెజారిటీ వచ్చినా, లక్ష వచ్చినా ఆ ఇద్దరు కుర్రాళ్ళ అవమానం చెరిగిపోదు. సంఖ్యాబలంతో న్యాయం తేలితే, ఊళ్ళో పిడికెడు ఇళ్ళున్న మన పేటకి ఏనాటికీ న్యాయం లేనట్టే.

రిజర్వుడు సీట్లలో గెలిచిన మన ఎమ్మెల్యేలు ఏం చేశారని అడుగుతున్నారు. నిజమే, నోరు మెదిపినవాళ్ళు తక్కువ. టికెట్టు ఇచ్చేది పార్టీ పెద్ద, గెలిపించేది ఊరి ఓట్లు. 1932 పూనా ఒప్పందంతో మనకి దక్కింది ఇదీ. అంబేద్కర్ బాధ ఇదే. అంచేత పేట అడగాలి, వాళ్ళచేత అడిగించాలి.

ఇది పాత కథ అనుకోవద్దు. 2020 జూలైలో అదే జిల్లా సీతానగరం పోలీసు స్టేషన్లోనే, ఇసుక లారీల గొడవ తర్వాత ఒక దళిత యువకుడికి గుండు గీశారు. మొదటి గుండుకి వెంటనే శిక్ష పడి ఉంటే రెండోసారి కత్తి పట్టడానికి చెయ్యి వణికేది. 2022 మేలో కాకినాడలో దళిత డ్రైవరు హత్య కేసులో ఒక ఎమ్మెల్సీ అరెస్టయ్యాడు. నేరం కోర్టు తేలుస్తుంది. కానీ బెయిలు మీద వచ్చాక కూడా ఎమ్మెల్సీ పదవి అలాగే ఉంది.

మరి మనం చేయగలిగిందేమిటి?

నాయకుడి మీద ఫిర్యాదు పెడితే "విచారించి చూద్దాం" అని పోలీసులు తిప్పి పంపుతారు. 2018లో చేర్చిన 18-ఎ సెక్షను ప్రకారం అత్యాచారం కేసులో ఎఫ్.ఐ.ఆర్.కి ముందు విచారణ అక్కర్లేదు. ఆ మాట స్టేషన్లో గట్టిగా చెప్పండి. కాగితం కాపీ తీసుకోకుండా మెట్టు దిగొద్దు. డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చెయ్యాలి. బెయిలు దగ్గర్నుంచి తీర్పు దాకా బాధితుల మాట కోర్టు వినాలని 15-ఎ సెక్షను చెబుతోంది. ప్రభుత్వం కేసు ఎత్తేయబోతే అడ్డుకునే దారీ ఉంది. ఎమ్మెల్యేలు, ఎంపీల కేసుల్ని హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 1998లో ఈ అడ్డు లేదు. ఇప్పుడుంది, వాడుకుందాం.

ఎన్నికలప్పుడు ప్రతి అభ్యర్థీ తన కేసుల వివరం అఫిడవిట్లో రాసిస్తాడు. అది తెచ్చి పేటలో, చావిడి దగ్గర, కూలికెళ్ళే ముందు పైకి చదవండి. సారా ప్యాకెట్టు రాకముందే చదవండి.

అన్నిటికంటే ముఖ్యం, రాజీ వద్దు. పెద్దమనుషులు వస్తారు. "ఒకే ఊళ్ళో బతకాలి గదా" అంటారు. వెంకటాయపాలెం బాధితులకీ ఒకే ఊళ్ళో బతకాల్సి వచ్చింది. అయినా ఇరవై ఏడేళ్ళు కోర్టు మెట్లెక్కారు. కూలి పోగొట్టుకుని ఎక్కారు. వాళ్ళు నిలబడబట్టే ఈవాళ "దోషి" అనే మాట రికార్డు కెక్కింది.

ఆ మాటకి విలువ రావాలంటే ఒక్క డిమాండు ఊరూరా లేవాలి. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 8వ సెక్షను జాబితాలో చేర్చాలి. మన మీద అత్యాచారం చేసి దోషిగా తేలినవాడు ఒక్క రోజు శిక్ష పడినా పదవి దిగాలి. ఓటడగడానికి మన వాడకొచ్చే ప్రతి పార్టీని, ప్రతి జెండాని ఇదే అడగండి. జవాబు చెప్పాకే దండ సంగతి.

జై భీమ్!